కాంతి, ఉద్గారిణి (తాత్కాలిక)

మా సంస్థలో ఇకమీదట ఉత్తరప్రత్యుత్తరాలన్నీ తెలుగులోనే జరగాలని ఉత్తర్వు వచ్చిన నెలలోనే కాంతి ఉద్యోగంలో చేరింది. చేరినట్టు ఆమెకు తెలియదు. నాకు ఫైలు వల్ల తెలిసింది.

నేనక్కడ మానసిక సలహాదారుని. విశాఖపట్నం శివార్లలో, ఉప్పుగాలికి కిటికీ ఊచలు ఏడాదికోసారి తుప్పుపట్టే చోట, కొత్త పదార్థాల మీద పరిశోధన చేసే సంస్థ అది. పదార్థాలకు మనసు ఉండదు. మనసున్నవాళ్లు నా గదికి వస్తే ఎవరైనా చూస్తారేమోనని రారు. అందువల్ల పదింటి నుంచి అయిదున్నర దాకా ఎక్కువగా నన్ను నేనే పరిశీలించుకుంటూ గడిపేవాణ్ణి. ఆ పరిశీలనలో చెప్పుకోదగ్గవి ఏమీ బయటపడలేదు.

ఒక సోమవారం ఉదయం అటెండరు పైడమ్మ నా బల్ల మీద నీలి అట్ట ఫైలు ఒకటి పెట్టింది.

"మీకే బాబూ. ఎవులో పిల్ల అట, పాపం నిద్దర నేకండా పన్జేస్తన్నాదట. పెద్దాఫీసులో అందరూ ఒకటే అయ్యో అనుకోడం."

ఫైల్లో ఒకే ఒక ఉత్తరం ఉంది.

"________ కాంతి, ఉద్గారిణి (తాత్కాలిక). గత ఇరవై అయిదు రోజులుగా నిరంతరాయముగా పనిచేయుచున్నది. సామర్థ్యము ఇరవై రెండు శాతము. స్థిరత్వ సమస్య కలదు. లోపల లోపములున్న చోట ఉత్తేజము వృథా అగుచున్నది. తేమ తగిలినచో బ్రతుకదు. మధ్యలో ఆగినచో ఇంతవరకు పడిన శ్రమ వ్యర్థము. కావున తక్షణ సహాయము అర్థించడమైనది."

కింద ప్రాజెక్టు శాస్త్రవేత్త డాక్టర్ హైమవతి సంతకం. పక్కన పరిపాలనాధికారి విశ్వపతి గారి ఎర్రసిరా: "విషయము స్థిరత్వమునకు సంబంధించినది. మానసిక సలహాదారు సదరు ఉద్యోగినిని పరామర్శించి, ధైర్యము చెప్పి, నివేదిక సమర్పించవలెను. ఇంటిపేరు తెలుసుకొనవలెను."

'ఉత్తేజము వృథా అగుచున్నది' అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఒక మనిషి స్థితిని ఇంత సూటిగా చెప్పిన ఉత్తరాన్ని నేను చూడలేదు. వెంటనే కాగితం తీసి కాంతి గురించి అరపేజీ రాసుకున్నాను. పెద్ద కూతురై ఉంటుంది. చిన్నప్పుడు మెచ్చుకోలు సరిగా దొరికి ఉండదు. పని ఆపితే తాను లేకుండా పోతానన్న భయం. ఇప్పుడు తిరిగి చదివినా అందులో ఒక్క మాట కూడా తప్పనిపించదు. అది నా శాస్త్రం గొప్పతనమో, లోపమో తేల్చుకోలేదు.

హైమవతి లేబొరేటరీ రెండో అంతస్తులో చివరిది. ముప్పై నాలుగేళ్ల మనిషి. కళ్ల కింద నలుపు, చెవి వెనక పెన్సిలు.

"కాంతి ఎక్కడుందండీ?" అన్నాను.

"ఇదిగో సార్, రండి," అని ఆమె బల్ల మీదున్న నల్లగుడ్డ ఎత్తింది.

గుడ్డ కింద తపాలా బిళ్లంత గాజు పలక. అందులో పెసరబద్దంత మేర పచ్చటి వెలుగు. పక్కన మీటరులో 80 అని అంకె.

నేను కాసేపు ఆ వెలుగును చూసి, "ఈమేనా?" అన్నాను.

హైమవతి నా చేతిలో ఉన్న ఉత్తరం లాక్కుని చదివింది. నవ్వాలో ఏడవాలో తెలియని ముఖాలు నేను పుస్తకాల్లో చదివాను. అప్పుడు చూశాను.

"అయ్యో రామా. ఇది ఎల్ఈడీ సార్. పెరోవ్‌స్కైట్ అనే స్ఫటికంతో చేసిన దీపం. ఇంగ్లీషులో రాస్తే ఉత్తరం వెనక్కి పంపేస్తున్నారు కదా. పదకోశం కమిటీ ఎల్ఈడీకి 'కాంతి ఉద్గారిణి' అని మాట ఇచ్చింది. పెరోవ్‌స్కైట్ దగ్గర టకారానికి ఉకారం ఉండాలా అక్కర్లేదా అని వాళ్లలో వాళ్లు కొట్టుకుంటున్నారు. తేలేదాకా ఖాళీ వదలమన్నారు. వదిలాను."

"ఆ ఖాళీ ఇంటిపేరనుకున్నారు."

"కామా నేను పెట్టలేదు సార్, టైపు చేసినవాళ్లు పెట్టారు. 'తాత్కాలిక నమూనా' అని రాశాను, నమూనా మింగేశారు. అసలు నేనడిగింది ఒక బ్యాటరీ. కరెంటు పోయినా ఇది ఆరకుండా ఉండటానికి!"

ఆరితే ఏమవుతుందని అడిగాను. ఆమె చెప్పింది. ఈ జాతి దీపాలు బాగా వెలుగుతాయి గాని ఎక్కువ కాలం బతకవు. స్ఫటికంలో అక్కడక్కడా చిన్న చిన్న గుంటల్లాంటి లోపాలుంటాయి. లోపలికి పోయిన కరెంటు వెలుగవకుండా వాటిలో పడి వేడిగా మారిపోతుంది. ఆ గుంటలు పూడ్చడం, గాలీ తేమా తగలకుండా మూత వెయ్యడం, నాలుగేళ్లుగా ఆమె పని అదే. మొదటి దీపం నాలుగు నిమిషాలు బతికింది. ఇది నలభై ఒకటోది. మీటరులో మొదటి రోజు వెలుగు వంద. అందులో సగానికి పడిపోతే దాని ఆయుష్షు తీరినట్టు లెక్క. వెయ్యి గంటలు ఆపకుండా వెలిగి, సగానికి పైన నిలబడాలి. నిలబడితే ప్రాజెక్టు ఇంకో మూడేళ్లు, ఆమె కాంట్రాక్టూ మూడేళ్లు. లేకపోతే నెలాఖరుకి రెండూ ఆఖరు.

"ఇప్పటికి ఆరువందల పన్నెండు. సమీక్షకి ఇంకా పదిహేడు రోజులుంది. ఒక్కసారి ఆరినా లెక్క సున్నా నుంచి మొదలు. మీరైనా చెప్పండి సార్ వాళ్లకి."

చెప్పాను. నివేదికలో ఒకే వాక్యం రాశాను: "కాంతి మనిషి కాదు, దీపము."

గంటలో విశ్వపతి గారు పిలిపించారు. ఆయన పలచటి మనిషి, బుష్‌షర్టు జేబులో మూడు రంగుల కలాలు. ఎవరినీ నొప్పించి ఎరగరు. అందుకే ఆయన దగ్గరకి వెళ్లాలంటే అందరికీ భయం.

"చదివానండి మీ నివేదిక. భావన బాగుంది. దీపం! ఉద్యోగిని గురించి ఇంత ఉదాత్తంగా రాసిన సలహాదారు మరొకరు లేరు."

"భావన కాదండి. నిజంగానే దీపం. గాజు పలక."

ఆయన కళ్లజోడు తీశారు. "కావచ్చును. నేను కాదనడం లేదే. కాని సిబ్బంది జాబితాలో నంబరు పడింది. నూట పద్దెనిమిది. నంబరు పడ్డాక మనిషి లేకపోవచ్చును గాని నంబరు ఉంటుంది. తీసివేయాలంటే ఫారంలో నాలుగే గడులు. బదిలీ, రాజీనామా, పదవీ విరమణ, మరణం. 'మనిషి కాదు' అన్న గడి లేదు. ఉంటే జాబితాలో ఎంతమంది మిగులుతారో మీరే ఆలోచించండి."

నేను ఆలోచించాను. నా సంగతే ముందు గుర్తొచ్చింది.

"అసలు విషయం అది కాదు," అన్నారాయన గొంతు తగ్గించి. "ఒక మహిళా ఉద్యోగినిని ఇరవై అయిదు రోజులు ఏకబిగిన పనిచేయించారు. వారాంతపు సెలవు లేదు. భోజన విరామం లేదు. పైగా ఆ సంగతి గర్వంగా లిఖితపూర్వకంగా ఒప్పుకున్నారు! ఇది బయటికి పొక్కితే సంస్థ పరువు ఏమవుతుంది?"

మధ్యాహ్నానికి హైమవతికి మెమో అందింది. అధీన ఉద్యోగిని పట్ల అమానుష ప్రవర్తనకు సంజాయిషీ ఇవ్వాలి. నేటి నుంచి కాంతి పని వేళలు పది నుంచి అయిదున్నర వరకే. అయిదున్నరకు స్వయంగా విశ్వపతి గారే వచ్చి విశ్రాంతి ఇప్పిస్తారు.

హైమవతి మెమో పట్టుకుని ఆయన గదికి పరిగెత్తింది. నేనూ వెనకే వెళ్లాను.

"సార్, మీ కాళ్లు పట్టుకుంటాను. సాయంత్రం స్విచ్చి ఆపితే నాలుగేళ్ల పని పోతుంది."

"చూడమ్మా, మీ పని కోసం ఆ అమ్మాయి ఆరోగ్యం..."

"ఏ అమ్మాయి సార్!"

"కోపం వద్దమ్మా. ఆమె తరఫున అడిగేవారు లేరనే కదా మీరిలా మాట్లాడుతున్నారు."

హైమవతి గోడకి ఆనుకుని నిలబడిపోయింది. గడియారం మూడున్నర చూపిస్తోంది. నేనప్పటిదాకా ఎవరి విషయంలోనూ జోక్యం చేసుకోలేదు. పరిశీలించేవాడు పరిశీలించేదాన్ని తాకకూడదని నాకు చిన్నప్పట్నుంచీ గట్టి నమ్మకం. దానికి పిరికితనం అని ఇంకో పేరుందని ముప్పై ఏళ్లు దాటాక తెలిసింది.

"విశ్రాంతి వల్ల ఆమెకి ప్రమాదం," అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"నేను పరామర్శించాను కదండి. వెలగడమే ఆమె స్వభావం. ఆపితే ఉనికే ఉండదు. ఇలాంటివారిని బలవంతంగా విశ్రాంతిలో పెడితే మొదటి రోజు నుంచీ మళ్లీ మొదలుపెట్టవలసి వస్తుంది."

అబద్ధం ఒక్కటీ లేదు. విశ్వపతి గారి కళ్లు చెమర్చాయి. "మా నాన్నగారూ ఇంతేనండి. పదవీ విరమణ చేసిన మూడో నెలలో పోయారు," అన్నారు. "సర్టిఫికెట్టు ఇస్తారా?"

ఇచ్చాను. అయిదున్నర తప్పింది. బదులుగా 'స్థిరత్వ పరిశీలన సంఘం' ఏర్పడింది. వెయ్యో గంట నాడు ఆ సంఘం కాంతిని స్వయంగా ఇంటర్వ్యూ చేస్తుంది. బ్యాటరీ సంగతి ఎవరూ ఎత్తలేదు. మహిళా ఉద్యోగిని కాబట్టి కుర్చీ ఒకటి, చీర కొంగు చిక్కుకోని రకం ఫ్యాను ఒకటి మంజూరయ్యాయి. పైడమ్మ కుర్చీ మోసుకొచ్చి బల్ల ముందు వేసింది.

"ఈ గోరంత దానికేటి కుర్సీ? నానిక్కడ పన్నెండేళ్ల బట్టీ నిల్సునే ఉన్నాను, నన్నెవులూ కూకోమన్నేదు," అని గొణుక్కుని, అందులో తానే కూర్చుని, ఫ్యాను తన వైపు తిప్పుకుంది. తర్వాత పచ్చటి వెలుగు కేసి చూసి, "మంచి పిల్లే అమ్మా. ఉలకదు, పలకదు," అంది.

ఆ పదహారు రోజుల్లో కరెంటు రెండుసార్లు పోయింది. రెండుసార్లూ హైమవతి తన స్కూటర్ బ్యాటరీ విప్పి తెచ్చి పెట్టుకుని ఉండటం వల్ల కాంతి బతికింది. మూడో వారంలో ఆమె స్కూటర్ మీద రావడం మానేసి బస్సులో రావడం మొదలుపెట్టింది.

వెయ్యో గంట నాడు సంఘం వచ్చింది. అధ్యక్షులు సర్వోత్తమరావు గారు ఎప్పుడో ఏదో శాఖలో కార్యదర్శిగా చేసి దిగిపోయినవారు. నల్లగుడ్డ ఎత్తగానే ఆయన మర్యాదగా ముందుకు వంగారు.

"కూర్చోమ్మా. భయపడకు. నీకిక్కడ ఏమైనా ఇబ్బందులున్నాయా?"

కాంతి పచ్చగా వెలిగింది.

"పైవారి మీద ఫిర్యాదులు?"

కాంతి అంతే వెలిగింది.

"రాసుకోండి," అన్నారాయన విశ్వపతి గారితో. "క్లిష్టమైన ప్రశ్నలకు సైతం తొణకలేదు. ముఖంలో తేజస్సు తగ్గలేదు. నా నలభై ఏళ్ల అనుభవంలో ఇంటర్వ్యూలో ఇంత నిబ్బరం చూడలేదు." అని కాగితం తిప్పి కనుబొమ్మలు ముడిచారు. "అయితే సామర్థ్యం ఇరవై రెండు శాతం అంటున్నారు. పాసు మార్కు ముప్పై అయిదు కదా?"

హైమవతి గొంతు సవరించుకుంది. "సార్, ఈ రకంలో అది మంచి అంకె. లోపల పుట్టే వెలుగు ఇంతకంటే చాలా ఎక్కువ. కాని గాజులోనే అటూ ఇటూ కొట్టుకుని చాలా భాగం అక్కడే ఉండిపోతుంది. బయటికి వచ్చింది మాత్రమే మనం కొలవగలం."

సర్వోత్తమరావు గారు కిటికీ వైపు చూశారు. విశ్వపతి గారు కలం మూత పెట్టారు. నాకెందుకో ఆ మాట వినగానే ఎవరో నా గది తలుపు తట్టకుండా తీసినట్టు అనిపించింది. ఒక్క క్షణం అక్కడున్న మేం అందరం గాజులో ఉన్నాం.

"పదమూడు మార్కులు గ్రేసు ఇవ్వండి," అన్నారు సర్వోత్తమరావు గారు మెల్లగా.

మీటరులో అంకె 71. హైమవతి గెలిచింది. నాలుగు నిమిషాల నుంచి వెయ్యి గంటల దాకా వచ్చింది. ఆమె నోటుపుస్తకంలో ఆ అంకె రాసి, కింద రెండు గీతలు గీసింది.

ఉత్తర్వు మర్నాడు వచ్చింది.

"ఉద్గారిణి కాంతి యొక్క స్థిరత్వము నిస్సందేహముగా నిరూపితమైనందున ఆమె సేవలు ఇందుమూలముగా స్థిరపరచడమైనది. సదరు ప్రాజెక్టునకు మంజూరైన ఏకైక శాశ్వత పదవియందు ఆమెను నియమించడమైనది. ప్రాజెక్టు లక్ష్యము 'స్థిరత్వమును పెంపొందించుట'. అది నెరవేరినందున ప్రాజెక్టు ముగిసినది. తాత్కాలిక శాస్త్రవేత్త డాక్టర్ హైమవతి సేవలు నెలాఖరుతో ముగియును. ఆమె తన బాధ్యతలను కాంతికి అప్పగించవలెను."

హైమవతి ఈసారి పరిగెత్తలేదు. నడిచి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. విశ్వపతి గారు కుర్చీ లాగి కూర్చోబెట్టి, మంచినీళ్లు తెప్పించారు.

"మీకు అన్యాయం జరిగిందమ్మా. నేను ఒప్పుకుంటాను. ఉన్నది ఒకటే పోస్టు. దానిలో శాశ్వత ఉద్యోగి ఉంది. ఆమెను కదపడానికి నాకు అధికారం లేదు." ఆయన తలుపు వైపు చూసి, కుర్చీ ముందుకు జరిపారు. "అయితే కారుణ్య నియామకమని ఒకటి ఉంది. ఉద్యోగి సర్వీసులో ఉండగా కాలం చేస్తే దగ్గరి బంధువుకు అదే పోస్టు ఇవ్వవచ్చు. కాంతిని మీ చేతులతో తయారుచేశానని సంజాయిషీలో మీరే రాసిచ్చారు. కనుక తల్లి కిందే లెక్క. అర్హత వయసు ముప్పై అయిదు లోపు. మీకు ఎప్పుడు నిండుతాయి?"

"వచ్చే నెల ఒకటిన."

"అంటే నెలాఖరు లోపు జరగాలి." ఆయన బల్ల మీది కాగితాలు సర్దారు. "తేమ తగిలితే బ్రతకదని మీరే రాశారు. మనది సముద్రపు ఊరు. నేనేమీ అనడం లేదు. మరణ ధ్రువీకరణ మన సలహాదారు గారు చేస్తారు."

నెలాఖరు దాకా విశ్వపతి గారు రోజూ పొద్దున్నే నాకు ఫోన్ చేసి, "ఎలా ఉంది?" అని అడిగేవారు. "పరిస్థితి నిలకడగా ఉంది," అనేవాణ్ణి. అవతల ఒక నిట్టూర్పు. పూర్వం నేను మనుషుల్లో దాగిన మృత్యుకాంక్ష గురించి ఉపన్యాసాలిచ్చాను. ఇప్పుడు రోజూ మెట్లెక్కి వెళ్లి మీటరు చూసినప్పుడల్లా అంకె పడిపోయి ఉంటే బాగుండునని నాలో ఎవరో అనుకోవడం వింటున్నాను. అది ఒకటి చొప్పున దిగుతోంది, తొందరపడకుండా, మర్యాదగా. 70. 69. రెండు రోజులు కదల్లేదు. 68.

"ఇంత గట్టిగా ఎందుకు చేశారండీ?" అని ఒకరోజు అడిగేశాను.

"నాకేం తెలుసు, వీళ్లు దాన్ని పర్మనెంట్ చేస్తారని!" అంది హైమవతి. తర్వాత, ఆపుకోలేక, "ఇంకో నెల తప్పకుండా బతుకుతుంది సార్," అంది. ఆ గొంతులో గర్వం ఉంది. దాన్ని దాచడానికి ఆమె దగ్గింది.

నెలాఖరు శుక్రవారం. నాలుగు గంటలకు రమ్మని ఆమె కబురు పంపితే వెళ్లాను. చేతిలో మరణ ధ్రువీకరణ ఫారం. ఆమె కిటికీ తెరిచి ఉంచింది. ఆ రోజు మబ్బు పట్టి, గాలి తడిగుడ్డలా ఉంది. నల్లగుడ్డ పక్కన మడిచి పెట్టి ఉంది. దీపం మీది గాజుమూత అంచుకు ఆమె సన్నటి బ్లేడు ఆనించి పట్టుకుంది.

"జిగురు ఒక మూల లేస్తే చాలు," అంది. "ఈ గాలికి పది నిమిషాల్లో అయిపోతుంది. నొప్పి కూడా ఉండదు." అని తన మాటకి తనే ఉలిక్కిపడి నా వైపు చూసింది. "నేనూ మొదలుపెట్టాను సార్."

"ఇంట్లో తెలుసా?"

"ఉద్యోగం పర్మనెంట్ అవుతుందని అమ్మకి చెప్పాను. ఎలాగన్నది చెప్పలేదు."

పైడమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "ఏటి సేస్తన్నావమ్మా?"

హైమవతి బ్లేడు తియ్యలేదు.

"సేసీయమ్మా," అంది పైడమ్మ కాస్త ఆగి. "అదేటి, మనిసా? నీ బతుకు సూసుకో." అని కుర్చీలోకి రాకుండా గుమ్మం దగ్గరే నేల మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బ్లేడు అంచు జిగురులోకి వెంట్రుక వాసి దిగింది. నేను ఫారంలో సమయం దగ్గర కలం పెట్టి ఉంచాను. హైమవతి అలవాటుగా మీటరు వంక చూసింది.

బ్లేడు ఆగింది.

"సార్, పొద్దున్న ఎంత ఉంది?"

"అరవై ఆరు."

"ఇప్పుడు అరవై ఏడు."

"తప్పు చూశామేమో."

"లేదు. పెరిగింది. తగ్గాల్సింది పెరిగింది." ఆమె బ్లేడు ఎక్కడ పెట్టిందో చూసుకోకుండా పెట్టేసి పెన్సిలు లాగింది. "కిటికీ తెరిచాను కదా. గది మూడు డిగ్రీలు చల్లబడింది. చల్లబడితే లోపలి గుంటలు సర్దుకుంటున్నాయా? పైడమ్మా, ఆ ఫ్యాను ఇటు తిప్పు. సార్, టైము చూసి చెప్తూ ఉండండి, పదేసి నిమిషాలకి."

నేను టైము చెప్తూ కూర్చున్నాను. నాలుగూ ఇరవై. నాలుగూ ముప్పై. ఆమె రాస్తోంది. అయిదుంబావుకి, "హైమవతి గారూ, ఆఫీసు మూసే వేళకి ఇంకో పావుగంటే ఉంది," అన్నాను.

"ఊఁ," అంది, రాస్తూ. తర్వాత పెన్సిలు ఆపి ఆ మాట అర్థం చేసుకుంది. బ్లేడు వైపు చూసింది. అంకె వైపు చూసింది. 68.

"టైము చెప్పండి సార్," అంది.

అయిదున్నరకు విశ్వపతి గారు స్వయంగా వచ్చి, అంకె చూసి, నా చేతిలో ఖాళీ ఫారం చూసి, తల దించుకుని, ఆమె గుర్తింపు కార్డు తీసుకుని వెళ్లారు. మెట్ల దగ్గర నాతో, "ఎంత చెప్పినా కన్నపేగండి," అన్నారు.

సోమవారం నాలుగు గంటలకు ఆమె బస్సు దిగి గేటు దగ్గరకి వచ్చింది. మాజీ ఉద్యోగులకు ప్రవేశం లేదు. ఉద్యోగుల బంధువులకు నాలుగు నుంచి అయిదు దాకా ఉంది. సెక్యూరిటీ మనిషి సందర్శకుల పుస్తకం ముందుకు తోశాడు. నేను పక్కనే ఉన్నాను. చూడవలసిన ఉద్యోగి: కాంతి, ఉద్గారిణి. ఉద్యోగితో సంబంధం అన్న గడిలో ఆమె కలం ఎత్తకుండా 'తల్లి' అని రాసేసింది. వచ్చిన పని దగ్గర ఆగింది. 'కొలవడానికి' అని రాసి, దాన్ని కొట్టేసి, పక్కన చిన్న అక్షరాలతో 'చూసిపోవడానికి' అని రాసింది.